పరుపులో కుట్టిన యుద్ధం

“అవ్వా, నా పుస్తకం యాడ పెట్టిందో నీ కోడల్ని అడుగు.”

గడపలో నిలబడి ఇష్రత్ ఆ మాట అన్నది అవ్వతో. కోపం మాత్రం తల్లి వీపుకు గురిపెట్టింది.

సఫియా వెనక్కి తిరగలేదు. అంగడి గదిలో పరుపుల దొంతర ముందు మోకాళ్ల మీద కూర్చొని ఒక్కో పరుపు అంచూ వేళ్లతో తడుముతోంది. పైది తడిమింది. దాన్ని ఈడ్చి అవతల పడేసి కిందది తడిమింది. అన్నీ నాలుగు పక్కలా కుట్టేసినవే. ఒక పక్క తెరిచి ఉన్న పరుపు ఒకటి ఉండాలి. తన చేత్తో తనే దాని కడుపులోకి పుస్తకం తోసింది. ఆ పరుపే కనబడటం లేదు.

“ఏమే సఫియా,” మంచం మీద నుంచి అత్త రోషన్‌బీ పిలిచింది. “పాప అడుగుతాండాది.”

“నాకూ చెవులుండాయత్తా.”

“ఉంటే పలకొచ్చు కదా.”

“కన్నతల్లిని పట్టుకొని నీ కోడలు, నీ కోడలు అంటాంటే ఏమని పలకల్ల? మా అని పిలవమను, చెప్తా.”

“పిలవనని చెప్పవ్వా.”

పీర్లు నీళ్లలో మునిగి జలధికి పోయి పీర్ల పండగ ముగిసిన నాటి నుంచి పెనుకొండలో ఆ దూదేకుల ఇంటి సంగతి ఇదీ. తల్లీ కూతురూ ఒకే పొయ్యి మీది సంగటి తింటారు. మాటలు మాత్రం ముసలామె మీదుగా పోతాయి, ముసలామె మీదుగా వస్తాయి.

పండక్కి సెలవిస్తే ఇష్రత్ హిందూపురం హాస్టల్ నుంచి వచ్చింది. తొమ్మిదో తరగతి. సంచిలో బట్టలకన్నా పైన ఆ పుస్తకం. ఎక్కడిదో దేశంలో యుద్ధం, ఆ యుద్ధంలో ఒక ఊరు, ఆ ఊళ్లో ఇష్రత్ అంత పిల్ల. పండగనాటి నిద్దట్లో “చెయ్యి తియ్, చెయ్యి తియ్” అని ఇష్రత్ కేకలు పెట్టింది. సఫియా ఉలిక్కిపడి లేచింది. ఎవరిదే ఆ చెయ్యి, హాస్టల్లో నీ మీద ఎవరు చెయ్యేసినారు అని భుజాలు పట్టి ఊపేసింది. ఎవరూ లేరు మా, పుస్తకంలోది అని పిల్ల మొత్తుకున్నా నమ్మలేదు.

సఫియా మనసు తీరే అంత. బిడ్డకు దగ్గొస్తే ఆస్పత్రి మంచం కనిపిస్తుంది. బస్సు ఆలస్యమైతే బోర్లా పడ్డ బస్సు కనిపిస్తుంది. తెల్లారేసరికి హాస్టల్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పెట్టేసింది.

పెట్టాక పుస్తకం తెరిచింది. పిల్ల మడత పెట్టుకున్న పేజీ వచ్చింది. నేలమాళిగలో జనం దాక్కున్నారు. పైన సిపాయిల బూట్లు. ఒక తల్లి ఒడిలో పసిబిడ్డ ఏడవబోయింది. ఆ తల్లి బిడ్డ నోటి మీద చెయ్యి పెట్టింది. బూట్ల చప్పుడు పోయేదాకా తియ్యలేదు. తీసేసరికి…

సఫియా ఆ పేజీ దాటలేదు. పుస్తకం మూసి పొయ్యి దాకా తీసుకుపోయింది. అచ్చేసిన అక్షరాన్ని మంటలో పెట్టడానికి చేతులు రాలేదు. ఎదురుగా ఒక పక్క కుట్టు పడని పరుపు కనిపిస్తే అందులోకి తోసేసింది. పండగ సందడి తగ్గాక తీసి, ఇచ్చిన మేడం మొహానే కొడదామనుకుంది.

పిల్ల అరిచింది ఈ పుస్తకంలోని చెయ్యి గురించేనని స్కూలు కరస్పాండెంటు గిరికి మాత్రం ఫోన్‌లో చెప్పింది. ఈ పొద్దున అతనే ఫోన్ చేశాడు. “మధ్యాహ్నం మీటింగు పెట్టినాం. ఆ పుస్తకం పిల్లలకు తగునో తగదో తేల్చేస్తాం. పుస్తకం తీసుకొని రాండి.”

“ఏమయ్యా!” సఫియా అరిచింది. “ఒక పక్క కుట్టులేని పరుపు యాడ?”

దూది ఏకే మిషన్ ఆపి యూనస్ వచ్చాడు. కనుబొమ్మల మీద, మీసాల మీద దూది. “అదా? ధర్మవరం యల్లక్కది. నిన్ననే ఇచ్చి వస్తి.”

“కుట్టు లేదు కదా దానికి!”

“నువ్వు మర్సినావనుకొని నేనే వేస్తి. దబ్బనంతో గట్టిగా వేసినాలే, ఏనుగు దొర్లినా ఊడదు.”

సఫియా చేతులు నెత్తి మీదికి పోయాయి. “దాంట్లో పుస్తకం ఉండాది.”

యూనస్ పెళ్లాం మొహం చూశాడు, కూతురి మొహం చూశాడు. “పరుపులో పుస్తకం దాచే మనిషిని నిన్నే చూస్తి.”

“చేతులతో ఎత్తి ఆటోలో వేసినావు కదా, బరువు తెలీలేదా?”

“బూరుగు దూదిలో బరువేం తెలుస్తాదే? మా తాతల నాటి నుంచి దూది ఏకుతాండాం. కుట్టే ముందర లోపల ఏముండాదో వెతకల్లని మా నాయన నేర్పలే నాకు!”

“ఇప్పుడు మీ నాయన ఊసు ఏమిటికి?”

“మరి ఎవరి ఊసు ఎత్తల్ల? నీదా?”

“అవ్వా!” ఇష్రత్ గొంతు ఆ ఇద్దరి మాటలనూ తెంపేసింది. “చెప్పు ఆమెకు. అది లైబ్రరీది కూడా కాదు, మాధవి మేడం ఇంట్లోది. ఈమె చెప్పింది పట్టుకొని అందరూ మేడంను తీసెయ్యమంటాండారు. పుస్తకం చేతిలో ఉంటే మేడం నాలుగు మాటలన్నా చెప్పుకుంటుండె. అది కూడా లేకుండా చేసింది.”

“తీసేస్తే తీసెయ్యనీ! పసిబిడ్డ నోరు మూసి చంపేది పిల్లలతో చదివిస్తాదా? అదేం చదువు? అది చదివి బిడ్డ నిద్దట్లో అరుస్తాంటే, ఇంగ రేపు ఏమైతాదో ఎవరికి తెలుసు? మతి పోతే ఎవరు తెచ్చిస్తారు? మీ మేడం తెచ్చిస్తాదా?”

“మొన్న పీర్ల సావిడి కాడ నువ్వు పాడినావు కదవ్వా,” ఇష్రత్ తల్లి వైపు చూడకుండానే అంది. “యుద్ధంలో నీళ్లకు అలమటించి ప్రాణం విడిచిన పసిబిడ్డ పాట. నేను ఒళ్లో బిడ్డగా ఉన్నప్పటి నుంచి ఈమె నన్ను ఆడికి తీసుకుపోతాంది. నేను ఏడిస్తే కండ్లు తుడిచి, ఏడ్చు తల్లీ మంచిదే అంటాంది. ఆ బిడ్డకు ఏడిస్తే మంచిది. ఈ బిడ్డకు ఏడిస్తే మతి పోతాదా?”

“దేవుని సంగతి తెచ్చి దీంట్లో కలుపుతావా!” సఫియా లేచి చెయ్యెత్తింది.

“దించు,” అంది రోషన్‌బీ. గట్టిగా అనలేదు. నలభై ఏళ్లుగా పీర్ల సావిడిలో ఆ పాట పాడుతున్న గొంతు అది. “దించు సఫియా. అది అడిగిందాంట్లో తప్పేముండాది? నువ్వే చెప్పు, నాకూ తెలీదు.”

సఫియా చెయ్యి దించింది. కోపం మాత్రం రెట్టింపయింది. చెప్పులు వేసుకొని, “ఆటో తియ్యి,” అంది మొగుడితో. “ధర్మవరం పోదాం. ఆ దయ్యపు పుస్తకం తీసుకొని అట్నుంచి అటే హిందూపురం. ఈరోజు అటో ఇటో తేల్తాది.”

ఇష్రత్ ముందు సీట్లో కూర్చోలేదు. వెనక, ఖాళీ గోనెల మీద ఎక్కి కూర్చుంది.

*

యల్లక్క ఇంటి ముందు ఆటో ఆగగానే లోపల మగ్గం చప్పుడు ఆగింది. కొంగు దోపుకుంటూ బయటికొచ్చింది యల్లక్క.

“ఏమప్పా యూనసూ, నిన్న కదా వచ్చి పోతివి?”

“పరుపుకు ఒక కుట్టు సరిగా పడలేదక్కా. ఒకసారి ఇప్పి మళ్లీ…”

“ఇప్పేదా? నా కూతురు బాలింత. బిడ్డను పక్కలో వేసుకొని దాని మీదే పడుకోనుండాది. లేపేది కుదరదు. ఒక కుట్టు తక్కువైతే ఏం మునిగిపోదులే, పో.”

“కుట్టు కాదక్కా,” ఇష్రత్ ఆటోలోంచి దూకింది. “మా నాయనకు అబద్ధం చెప్పను రాదు. దాంట్లో పుస్తకం పెట్టి కుట్టేసినారు.”

“ఏం పుస్తకం?”

“యుద్ధం పుస్తకం.”

యల్లక్క రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. “పురిట్లో బిడ్డ కింద యుద్ధం పెట్టి కుట్టిచ్చినారా? మతి ఉండాదా మీకు? నేను అడిగింది దూది పరుపు!”

“తప్పయిందక్కా,” అన్నాడు యూనస్.

“ఎవరు పెట్టినారు? నువ్వా?”

“నేను,” అంది సఫియా. “నా బిడ్డకు కనపడకుండా పెడితి. ఏం, మీరు పెట్టరా? మీ బిడ్డ చేతిలో కత్తి చూస్తే లాక్కొని యాడో ఒక తావ దాచరా?”

“దాస్తా. ఇంకొకరి బిడ్డ పక్కలో దాయను!”

ఆ మాట సఫియాకు చెంప మీద తగిలినట్టే తగిలింది. తిరిగి అనడానికి నోరు తెరిచింది గానీ, లోపలి గదిలోంచి బాలింత గీతాంజలి గొంతు వినిపించింది.

“అమ్మా, నేను చెప్తే నువ్వు వింటివా? నడుం కింద ఏందో గట్టిగా తగుల్తాందంటే బాలింతకు అట్లనే ఉంటాది, గమ్మున పడుకో అంటివి.”

యూనస్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. యల్లక్క నవ్వలేదు. “కాళ్లు కడుక్కొని రాండి,” అంది పళ్ల మధ్య నుంచి. “బిరీన కానియ్యండి. బిడ్డ లేస్తే నేను ఊరుకోను.”

బిడ్డ లేవనే లేచింది. గీతాంజలిని యల్లక్క పట్టుకొని లేపింది. యూనస్ చేతిలో కత్తెర. సఫియా చేతులే ఖాళీ. “ఊరికే నిలబడేదానికి బదులు పట్టుకో,” అని యల్లక్క బిడ్డను సఫియా చేతుల్లో పెట్టింది.

గుప్పెడంత బిడ్డ. ఎర్రటి మొహం. ఒక్కసారి ఊపిరి బిగబట్టి, ఆ వెంటనే ఇల్లెగిరిపోయేలా అందుకుంది ఏడుపు. సఫియా భుజాన వేసుకుంది, దించింది, ఊపింది.

“ఊరుకోబెట్టు! పక్కింట్లో వాండ్లు ఏమైందో అని వస్తారు,” యల్లక్క కసిరింది.

“ష్… ష్… లేదమ్మా, అయిపోయింది, లేదు…”

కత్తెర చప్పుడు, యల్లక్క తిట్లు, బిడ్డ ఏడుపు. సఫియాకు ఒళ్లంతా చెమట పట్టింది. ఏం చేస్తోందో తనకే తెలియకుండా అరచెయ్యి బిడ్డ నోటి మీదికి పోయింది. గట్టిగా కాదు. ఊరికే, ఆ ఏడుపు కొంచెం తగ్గాలని.

అరచేతికి వెచ్చటి ఊపిరి తగిలింది.

కాలిన పెనాన్ని తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. తలెత్తితే గుమ్మంలో ఇష్రత్. చూస్తోంది. మొత్తం చూసింది.

పరుపు నోట్లో చెయ్యి పెట్టి యూనస్ పుస్తకం బయటికి తీశాడు. అట్ట నిండా దూది అంటుకొని, అది ముసలివాడి గడ్డంలా ఉంది.

సఫియా బిడ్డను ఇచ్చేసి పుస్తకం అందుకోబోయింది. అదే క్షణంలో ఇష్రత్ కూడా పట్టుకుంది. పుస్తకం ఇద్దరి మధ్యా బిగుసుకుంది.

“ఒదులు,” అంది సఫియా. “మీటింగుకు పిలిచింది నన్ను.”

ఇష్రత్ ఒదిలేసింది. “నాయనా, నేను వెనకే కూర్చుంటా,” అని వెళ్లిపోయింది.

*

చెన్నేకొత్తపల్లి దాటి హైవే ఎక్కాక సఫియా పుస్తకం తెరిచింది. మడత పెట్టిన పేజీ కాదు, మొదటి పేజీ. ఎందుకు తెరిచిందని అడిగితే కోపంతో అనే చెప్పేది. మీటింగులో ఆ మేడం ఎదురు మాట్లాడితే ఏ పేజీలో ఏ పాపం ఉందో వేలు పెట్టి చూపించాలని.

ఏడో తరగతితో ఆగిపోయిన చదువు. వేలు అక్షరాల కింద పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతుంది. మొదట్లో ఆటో కుదుపుకు అక్షరాలు ఎగిరాయి. తర్వాత కుదుపు తెలియలేదు.

ఆ ఊరికి ఇంకా యుద్ధం రాలేదు. ఆ పిల్ల తల్లికి మాత్రం ముందే వచ్చేసింది. ఆకాశంలో కొంగల బారు పోతే విమానాలని లోపలికి పరిగెత్తుతుంది. తలుపుకు గంట కట్టింది. పొద్దుగూకితే కూతురి చెప్పులు తీసి తన తలగడ కింద పెట్టుకుంటుంది.

“ఏం మనిషే ఇది!” సఫియా పైకే అనేసింది.

“ఎవరు?” అన్నాడు యూనస్.

“ఈ పుస్తకంలో ఆడమనిషి. బిడ్డ బయటికి పోకుండా చెప్పులు దాస్తాండాది. బిడ్డకు ఊపిరాడల్లా వద్దా?”

యూనస్ రోడ్డు వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు. “పోయిన ఎండాకాలం ఇష్రత్ సైకిల్ తాళంచెవి బియ్యం డబ్బాలో దొరికింది, గుర్తుండాదా?”

“నువ్వు రోడ్డు చూసి తోలు!”

తర్వాత పెనుకొండ వచ్చింది, పోయింది. సఫియా తలెత్తలేదు. సోమందేపల్లి దగ్గర యూనస్ టీ తాగుదామంటే వద్దంది. వేలు ఇప్పుడు నేలమాళిగ మెట్లు దిగుతోంది.

ఆ పేజీ మళ్లీ వచ్చింది.

మొదటిసారి చదివినప్పుడు అందులో ఉన్నది ఒక రాక్షసి. ఈసారి ఉన్నది తలగడ కింద చెప్పులు పెట్టుకునే మనిషి. ఒడిలో ఉన్నది ఆమె చిన్నబిడ్డ. పక్కన గోడకు ఆనుకొని, కళ్లు విప్పార్చి చూస్తున్నది ఆమె పెద్దకూతురు. “చెయ్యి తియ్ అమ్మా,” అంటోంది ఆ కూతురు, గొంతు బయటికి రాకుండా. “చెయ్యి తియ్.”

సఫియా వేలు ఆ మాట దగ్గర ఆగింది. ఎవరి మీద కోపపడాలో తెలియక, వెనక నుంచి హారన్ కొట్టిన లారీవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. అట్ట మీది దూది పీకి, ఆ పేజీలో గుర్తుగా పెట్టి పుస్తకం మూసింది. హిందూపురం వచ్చేసింది.

*

స్కూలు ఆఫీసు గదిలో ఏడెనిమిది మంది తల్లిదండ్రులు. బల్ల వెనక గిరి. గోడ పక్కన చేతులు కట్టుకొని మాధవి మేడం. ఆమెకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు. ఇష్రత్ తలుపు దగ్గరే ఆగిపోయింది.

సఫియా కూర్చోకముందే గిరి ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాడు. గదిలో సఫియా గొంతే సఫియాకు వినిపించింది, ఏడుపుతో గీసుకుపోతూ. “అమ్మలారా, హాస్టల్లో మన బిడ్డల మీద ఎవరో చెయ్యి వేస్తాండారు. నా బిడ్డ నిద్దట్లో అరుస్తాండాది. మీ బిడ్డల్ని అడగండి, తెచ్చుకోండి…”

“చాలు, ఆపండి,” అంది సఫియా. మొహం మండిపోయింది.

“మీకు చాలు. నాకు చాలదు కదమ్మా,” అన్నాడు గిరి. “ఈ మెసేజ్ విని సగం మంది పిల్లల్ని తీసుకుపోతామంటాండారు. ఎవరో చెయ్యి వేసినారని ఊరంతా అనుకుంటాండారు. నిజమేందో మీకు తెలుసు. పుస్తకం చదివి పిల్ల దడుసుకుంది, అంతే కదా? ఆ మాట మీ నోటితోనే చెప్పండి. తప్పు పుస్తకానిది, ఇచ్చిన మేడంది అని ఇంకో మెసేజ్ పెట్టండి. మేడం ఈరోజే వెళ్లిపోతారు. అందరికీ మంచిది.”

“మేడంకు కూడానా?” అని అడిగింది మాధవి.

“మీరు గమ్మునుండండి మేడం.”

“మా పాప ఏడో తరగతి,” అంది రేఖ అనే తల్లి. “చావులు, యుద్ధాలు పిల్లలకు ఏమిటికండీ? చక్కగా నాలుగు నవ్వుకునే కథలు ఇయ్యొచ్చు కదా?”

“ఏడో తరగతికి ఇది నేనివ్వను,” మాధవి గొంతు పెరిగింది. “అడిగినా ఇవ్వను. తొమ్మిదిలో కూడా అందరికీ ఇవ్వను. ఈ పిల్లకు ఇచ్చేముందు ఇందులో ఏముందో చెప్పినాను. కష్టమైతే మధ్యలో ఆపెయ్, నా దగ్గరికి రా అన్నాను. వాళ్లింట్లో ఒక మాట చెప్పలేదు, అది నా తప్పే. ఒప్పుకుంటా. కానీ ఆమె కూడా నాకొక ఫోన్ చెయ్యొచ్చు కదా? నా మొహాన్నే అడగొచ్చు కదా? ఊరందరికీ చెప్పి, నాకు చెప్పలేదే!”

“మీకు ఫోన్ చెయ్యల్లనా?” సఫియా భగ్గుమంది. “బిడ్డ అట్ల అరుస్తాంటే నేను మీ నంబరు వెతుక్కుంటా కూర్చోవల్లనా? ఇన్ని పుస్తకాలుండంగ నా బిడ్డకు ఇదే ఏమిటికిచ్చినారు? ఏం చేసిందని?”

మాధవి తలుపు వైపు చూసింది. ఇష్రత్ తల అడ్డంగా ఊపింది, వద్దు వద్దు అన్నట్టు.

“చెప్పండి!”

“తనే అడిగింది,” అంది మాధవి. “చానా భయపడే అమ్మ ఉండే పుస్తకం ఏదైనా ఉందా మేడం అని అడిగింది. అట్లాంటి అమ్మతో ఎట్లా ఉండాలో తెలుసుకోవాలని. నా దగ్గర ఇదొక్కటే ఉంది.”

రేఖ తల దించుకుంది. గిరి మాత్రం ఫోన్ తీసి, రికార్డు నొక్కి, సఫియా నోటి ముందు పెట్టాడు.

“అవన్నీ తర్వాత. చెప్పండమ్మా. తగదు అనండి. ఒక్క మాట.”

సఫియా ఆ ఫోన్ వంక చూసింది. మొన్న తెల్లారుజామున ఇలాంటి ఫోన్‌లోకే మాట్లాడింది. అప్పుడు మాటలు వాటంతటవే దొర్లుకొచ్చాయి. ఇప్పుడు ఒక్కటి కూడా రావడం లేదు.

“ఈ పుస్తకం ఎవరన్నా చదివినారా?” అని అడిగింది.

“మీరు చెప్పినారు కదా,” అన్నాడు గిరి.

“నేను ఒక పేజీ చదివి చెప్తి. మీరు ఆ పేజీ కూడా చదవకుండా మీటింగు పెడ్తిరి!” అతని చేతిని ఫోన్‌తో సహా పక్కకు తోసేసింది. “నా బిడ్డ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఆ మాట ఎంతమందికి కావల్లంటే అంతమందికి చెప్తా, కాళ్లు పట్టుకొని చెప్తా. పుస్తకం సంగతి నాకింకా తెలీదు. చదివినాక చెప్తా.”

“ఎప్పుడు చదువుతారు?”

“ఇప్పుడే.”

“ఎంతసేపు పడుతుంది?”

“నాది ఏడో తరగతి చదువు సార్. నిదానంగా పడ్తాది.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గిరి మొహం నల్లబడింది. “సాయంత్రానికి అందరు పేరెంట్సూ వస్తారు. అప్పటికి మీరు చెప్పకపోతే నేనే చెప్తా. మేడం, మీరు మీ సామాను సర్దుకోండి.”

మాధవి కదల్లేదు. సఫియా గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చుంది. దూది గుర్తు ఉన్నచోట పుస్తకం తెరిచింది. తను రెండుసార్లు చదివిన పేజీ. దాన్ని తిప్పడానికి అంచు పట్టుకుంది.

“మా.”

చెయ్యి ఆగిపోయింది. పండగ నాటి నుంచి వినని పిలుపు. ఇష్రత్ ఎప్పుడొచ్చిందో వచ్చి ఎదురుగా నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపం ఇంకా పోలేదు, దానితో పాటు ఇంకేదో ఉంది.

“ఆ తర్వాత పేజీ నువ్వు చదవొద్దు మా.”

“ఏమిటికి?”

“నీకు తగదు. నువ్వు తట్టుకోలేవు.” పిల్ల పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టింది. “అది ఇడిసిపెట్టి దాని తర్వాతది చదువు. మధ్యలో ఏమైందో నేను చెప్తాలే.”

సఫియా ఆ చెయ్యి వంక చూసింది. చిన్న చెయ్యి, గోళ్ల దగ్గర సిరా మరక. కూతురి మొహం చూసింది. అరికాళ్ల నుంచి కోపం లేచింది. ఇన్నాళ్ల కోపం లాంటిది కాదు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనిది.

“నాకేది తగునో నువ్వు చెప్తావా?” అంది. గొంతు పగిలింది. “చెయ్యి తియ్.”